టర్బో మౌంటెన్ స్నోమొబైల్ ట్యూనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు వచ్చిందంటే చాలు, సియాటిల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, కాల్గరీ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇదంతా కొండల్లో, లోతైన మెత్తటి మంచులో నడిపే టర్బో బండ్ల గురించి, ముఖ్యంగా టూ-స్ట్రోక్ వాటి గురించి. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. మీ మోడల్ మాన్యువల్ ఒకటి చెప్పి నేను ఇంకోటి చెబితే మాన్యువల్ మాటే వినండి.

## కొనే ముందు

గుల్‌మార్గ్‌లో స్నోమొబైల్ ఎక్కాను. ఇదీ అలాంటిదే కదా?

గుల్‌మార్గ్‌లో టూరిస్టులను తిప్పేది తొక్కి గట్టిపడిన మంచు మీద. అక్కడ బండి స్కీలతో తిరుగుతుంది. నడుము లోతు పొడి మంచులో స్కీలకు పెద్దగా పట్టు ఉండదు. బండిని ఒక పక్కకు వాల్చి, ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) అంచు మీద నిలబెట్టి తిప్పాలి. అందుకే మౌంటెన్ బండికి ట్రాక్ పొడవు ఎక్కువ, స్కీల మధ్య దూరం తక్కువ, సీటు సన్నం. రోజంతా దాదాపు నిలబడే నడుపుతారు. ఇక్కడ 'తేలిక' అంటే కాటా మీద బరువు ఒక్కటే కాదు, ఎంత సులువుగా పక్కకు వాలుతుందన్నది కూడా.

కొండ ఎక్కేకొద్దీ మామూలు ఇంజిన్ ఎందుకు చచ్చుబడుతుంది? టర్బోకి ఆ బాధ ఉండదా?

గాలి పలచబడటమే కారణం. 10,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 70 శాతమే. టర్బో లేని ఇంజిన్ ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. కింద 165 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అంత ఎత్తుకు చేరేసరికి 115 దగ్గరికి పడిపోతుంది.

టర్బో ఆ లోటును గాలిని నొక్కి పంపి భర్తీ చేస్తుంది. స్కీ-డూ 2020 మోడల్ సమిట్‌లో 850 సీసీ ఈ-టెక్ టర్బో ఇంజిన్ తెచ్చినప్పుడు చెప్పిన మాట కూడా ఇదే: 8,000 అడుగుల దాకా అదే 165 హార్స్‌పవర్. ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన మొదటి టూ-స్ట్రోక్ స్నోమొబైల్ అదే. 2022 మోడల్‌కు పొలారిస్ కంపెనీ ప్యాట్రియట్ బూస్ట్ అనే టర్బో ఇంజిన్‌తో వచ్చింది. తర్వాత స్కీ-డూ టర్బో ఆర్‌తో 180కి వెళ్లింది. అయితే టర్బోకీ ఒక హద్దు ఉంటుంది. ఆ ఎత్తు దాటాక దాని శక్తి కూడా తగ్గడం మొదలవుతుంది.

నేను ఎక్కువగా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ, క్లే ఎలమ్ వైపే వెళ్తా. నాకు టర్బో అవసరమా?

నిజం చెప్పాలంటే చాలామందికి అవసరం లేదు. స్నోక్వాల్మీ పాస్ 3,000 అడుగుల పైచిలుకే. అక్కడ టర్బో లేని 850 కూడా బాగానే లాగుతుంది, బండి ముక్కు కూడా తేలికగా ఉంటుంది. వయోమింగ్‌లో టోగ్వాటీ పాస్, కొలరాడోలో ర్యాబిట్ ఇయర్స్ పాస్ లాంటి చోట్ల బండి దింపడమే 9,000 అడుగుల పైన. ఏటా అటు వెళ్లేవాళ్లకు టర్బో పెట్టుబడి దక్కుతుంది.

యమహా సైడ్‌వైండర్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, తీసుకోవచ్చా?

998 సీసీ, మూడు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ టర్బో. గట్టి ఇంజిన్, 200 హార్స్‌పవర్ తరగతి. కానీ ముందు భాగం బరువు. తిన్నగా కొండ ఎక్కడానికి బ్రహ్మాండం, చెట్ల మధ్య వాల్చి తిప్పాలంటే చేతులు పడిపోతాయి. 2025 మోడళ్లతో యమహా స్నోమొబైల్స్ ఆపేసిందన్నది కూడా గుర్తుంచుకోండి. చురుకుదనం కావాలంటే ఇది కాదు.

ట్రాక్ 154 తీసుకోవాలా, 165 తీసుకోవాలా?

అంగుళాల్లో చెప్పే ట్రాక్ పొడవు ఇది. 165 మంచు మీద బాగా తేలుతుంది, ఏటవాలులో తవ్వుకోకుండా ఎక్కుతుంది. 154 త్వరగా తిరుగుతుంది. టర్బో శక్తి ఉంది కాబట్టి 165 తప్పనిసరి అనుకుంటారు. నా లెక్కలో మధ్యస్థ బరువున్న మనిషి చెట్ల మధ్య ఎక్కువగా తిరిగేటట్టయితే 154 చాలు. లగ్ (ట్రాక్ మీది రబ్బరు పళ్లు) ఎత్తు 3 అంగుళాలైతే లోతైన మంచులో పట్టు ఎక్కువ. తడి మంచు ఎక్కువగా ఉండే చోట 2.5 కూడా సరిపోతుంది.

## సీజన్ ముందు, గ్యారేజీలో

బరువు తగ్గించాలంటే ముందు ఏ పార్టు మార్చాలి?

పార్టు కొనే ముందు పెట్రోలు ట్యాంకు చూడండి. అమెరికన్ గ్యాలన్ పెట్రోలు సుమారు 6 పౌన్లు. పది గ్యాలన్ల ట్యాంకు నింపితే 60 పౌన్లు. సగం రోజు తిరిగేవాళ్లు ట్యాంకు నిండా ఎందుకు మోయాలి? తిరుగు ప్రయాణానికి, ఎవరైనా ఇరుక్కుంటే లాగడానికి సరిపడా మిగులు ఉంటే చాలు.

రెండోది మంచుగడ్డ. టర్బో వేడికి కరిగిన నీళ్లు రన్నింగ్ బోర్డుల (కాళ్లు పెట్టే పలకల) మీద, టన్నెల్ (ట్రాక్ పైనుండే తొడుగు) కింద, సస్పెన్షన్ చేతుల మధ్య మళ్లీ గడ్డకడతాయి. మధ్యాహ్నానికి బండి బరువెక్కిందని అనిపించడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ఆగినప్పుడల్లా బూటుతో తన్ని రాల్చేయండి. బోర్డు రంధ్రాలు పూడిపోకుండా చూసుకోండి.

ఆ తర్వాతే డబ్బు ఖర్చు. తిరిగే భాగాల్లో తగ్గించిన ఒక పౌను, కదలకుండా ఉండే భాగాల్లో తగ్గించిన పౌను కంటే ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి తేలికైన ట్రాక్, తేలికైన బ్రేక్ డిస్క్ ముందు. లిథియం బ్యాటరీ, సన్నటి సీటు తర్వాత. టైటానియం బోల్టులు కొనడం సరదా కోసమే.

కంపెనీ సైలెన్సర్ తీసి తేలికైన క్యాన్ (బయట దొరికే సైలెన్సర్) వేస్తే?

ముక్కు దగ్గర కొన్ని పౌన్లు తగ్గుతాయి, నిజమే. కానీ టర్బో తర్వాత ఎగ్జాస్ట్ అడ్డు తగ్గితే బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) తనంతట తానే పెరగొచ్చు. ఇంధనం ఆ లెక్కకు సరిపోకపోతే పిస్టన్ పోతుంది. పైగా చప్పుడు. చప్పుడు మీద ఫిర్యాదులు పెరిగితే రైడింగ్ ఏరియాలు మూసేస్తారు. నేనైతే వెయ్యను.

ట్రాక్ టెన్షన్ గట్టిగా ఉండాలా, వదులుగా ఉండాలా?

ఈ విషయంలో మనుషులే ఎక్కువ టెన్షన్ పడతారు. బాగా బిగిస్తే ఇంజిన్ శక్తి ట్రాక్ తిప్పడానికే పోతుంది, బండి మొద్దుగా అనిపిస్తుంది. మరీ వదిలేస్తే గట్టిగా థ్రాటిల్ కొట్టినప్పుడు స్ప్రాకెట్ పళ్ల మీద ట్రాక్ జారి టకటకమంటుంది. మాన్యువల్‌లో చెప్పిన బరువు మధ్యలో వేలాడదీసి, ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. కొత్త ట్రాక్ మొదటి కొన్ని రైడ్లలో సాగుతుంది, మళ్లీ కొలవాలి. బిగించాక రెండు వైపులా సమంగా తిరుగుతోందో లేదో చూడండి. బండి వెనక లేపి ట్రాక్ తిప్పేటప్పుడు వెనకాల ఎవరూ నిలబడకూడదు.

క్లచ్ కవర్ తీస్తే లోపలంతా నల్లపొడి ఉంది. పాడైపోయిందా?

కొంచెం పొడి మామూలే, అది ఇంజిన్ వైపు (ప్రైమరీ), ట్రాక్ వైపు (సెకండరీ) క్లచ్‌లను కలిపే బెల్ట్ రబ్బరు. కుప్పలుగా ఉంటే మాత్రం బెల్ట్ జారుతోందని అర్థం. క్లచ్ రెండు పళ్లేల ముఖాలను లైటు వేసి దగ్గరగా చూడండి. లేత బూడిద రంగులో సన్నటి గీతలుంటే ఆరోగ్యం. అద్దంలా మెరుస్తూ, గోధుమ రంగు పట్టీలా కనబడితే కాలింది. స్కాచ్-బ్రైట్‌తో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. నూనె, గ్రీజు, డబ్ల్యూడీ-40 ఆ దరిదాపుల్లోకి రానివ్వొద్దు. బెల్ట్ అంచులో పోగులు లేచినా, ఒకచోట సన్నబడినా పారేయండి. టర్బో బండి బెల్ట్‌ని మామూలుదాని కంటే ఎక్కువగా తింటుంది. స్పేర్ లేకుండా బయలుదేరొద్దు.

కొత్త బెల్ట్ వేసిన రోజే ఫుల్ థ్రాటిల్ కొట్టొచ్చా?

వద్దు. ముందు వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఆరబెట్టండి. మొదటి 30 మైళ్లు వేగం మారుస్తూ మెత్తగా నడపండి.

## మొదటి మంచు: సస్పెన్షన్

బండి పక్కకు వాలనంటోంది. సైడ్‌హిల్ (వాలుకు అడ్డంగా నడపడం) చేయాలంటే భుజాలు పోతున్నాయి. ఏం చేయాలి?

నాకు ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీనికి ఇంజిన్‌తో సంబంధం లేదు.

ముందు స్కీ షాకుల ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచిన బిగుతు) తగ్గించండి. ముందు భాగం గట్టిగా ఉంటే, ఒక పక్కకు వాల్చబోయినప్పుడు స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది. స్కీల మధ్య దూరం మార్చుకునే వీలుంటే సన్నటి అమరికకు తెండి. మౌంటెన్ బండ్లలో అది 36 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ముందు యాంటీ-రోల్ బార్ ఉంటే, లోతైన మంచులోనే నడుపుతానంటే, దాన్ని విప్పేసేవాళ్లు ఉన్నారు. గట్టి ట్రైల్ మీద మాత్రం మలుపుల్లో బండి ఊగుతుంది.

తర్వాత మీరు ఎక్కడ నిలబడుతున్నారో చూసుకోండి. బోర్డు మీద వెనక్కి జరిగి నిలబడితే ఎంత తేలికైన బండి అయినా మొండికేస్తుంది. స్టీరింగ్ పోస్ట్‌కు దగ్గరగా నిలబడి, వాలాల్సిన వైపు బోర్డు మీద బరువంతా వేసి, హ్యాండిల్ వ్యతిరేక దిశలో తిప్పుతూ ఒక్కసారి థ్రాటిల్ తట్టండి. ట్రాక్ కదిలిన ఊపులోనే బండి లేస్తుంది. చేతులతో లాగితే లేవదు.

థ్రాటిల్ నొక్కగానే ముక్కు ఆకాశంలోకి లేస్తోంది. కింద ఉంచేదెలా?

లిమిటర్ స్ట్రాప్‌ను ఒక రంధ్రం బిగించండి. వెనక సస్పెన్షన్ ముందు భాగాన్ని పట్టి ఉంచే పట్టీ అది. కురచ చేస్తే స్కీల మీద బరువు పెరుగుతుంది, ముక్కు తక్కువ లేస్తుంది. వెనక ట్రాక్ షాక్ మెత్తగా ఉండి బండి వెనక కూర్చుంటున్నా ఇదే జరుగుతుంది, కాబట్టి దాని ప్రీలోడ్ కాస్త పెంచి చూడండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నాది ఉల్టా. హ్యాండిల్ మరీ బరువు, స్కీలు మంచులోకి దూరిపోతున్నాయి.

ముందు ట్రాక్ షాక్ ప్రీలోడ్ పెంచండి, లేదా లిమిటర్ స్ట్రాప్ ఒక రంధ్రం వదలండి. రెండూ స్కీల మీద బరువు తగ్గించేవే. స్కీల కింద ఉండే కార్బైడ్ కడ్డీలు అరిగిపోయినా, పాత స్కీ రబ్బర్లున్నా ఇలాగే అనిపిస్తుంది. వాటిని ముందు చూడండి, చవక.

నా బరువుకి ఎంత ప్రీలోడ్ పెట్టాలి?

హెల్మెట్, బూట్లు, బ్యాగు, అందులో పార సహా మీరు రైడ్‌కి వెళ్లే వేషంలోనే కొలవాలి. వెనక బంపర్‌ను ఎత్తి వదిలి ఎత్తు కొలవండి, మీరు ఎక్కి నిలబడ్డాక మళ్లీ కొలవండి. తేడా మాన్యువల్ చెప్పిన పరిధిలో ఉండేలా వెనక స్ప్రింగ్ సర్దండి. ఎయిర్ షాకులైతే చలిలో ప్రెషర్ పడిపోతుంది. వెచ్చటి గ్యారేజీలో పెట్టిన రీడింగ్‌ను నమ్మొద్దు, బయట చలిలో మళ్లీ పంపుతో సరిచూడండి.

## క్లచింగ్

థ్రాటిల్ నొక్కాక అర సెకను ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా తన్నుతుంది. టర్బో లాగ్ అంటే ఇదేనా?

కొంత టర్బో లాగే. కానీ చాలా బండ్లలో సగం తప్పు క్లచ్‌ది. టర్బో తిరగాలంటే ఇంజిన్ మీద భారం ఉండాలి. భారం ఉంటేనే ఎగ్జాస్ట్ గట్టిగా తోస్తుంది. ప్రైమరీ క్లచ్‌లో వెయిట్లు (తిరిగే వేగానికి బెల్ట్‌ను నొక్కే బరువులు) మరీ తేలికగా ఉంటే ఇంజిన్ ఖాళీగా రయ్యిమని ఆర్‌పీఎం ఎక్కేస్తుంది తప్ప బూస్ట్ కట్టదు. చప్పుడు ఉంటుంది, కదలిక ఉండదు. వెయిట్లు మరీ బరువైతే ఆర్‌పీఎం కుంగిపోయి బూస్ట్ వచ్చేదాకా బండి మంచులో తవ్వుకుంటుంది. రెండింటి మధ్యలో సరైన చోటు దొరికితే లాగ్ దాదాపు మరిచిపోతారు.

నడిపే తీరు కూడా ముఖ్యం. చెట్ల మధ్య థ్రాటిల్‌ను పూర్తిగా వదిలి మళ్లీ నొక్కుతుంటే ప్రతిసారీ టర్బో మొదటినుంచి తిరగాలి. కొద్దిగా పట్టి ఉంచండి.

నా క్లచింగ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

బెల్ట్ వేడెక్కాక, లోతైన మంచులో, సురక్షితమైన వాలు మీద అయిదారు సెకన్లు ఫుల్ థ్రాటిల్ పట్టి ఆర్‌పీఎం చూడండి. గట్టి ట్రైల్ మీద చూసిన అంకె పనికిరాదు. ఇంజిన్ గరిష్ఠ శక్తి ఏ ఆర్‌పీఎం దగ్గర ఇస్తుందో మాన్యువల్‌లో ఉంటుంది. 850 తరగతి ఇంజిన్లకు అది 8,000 చుట్టూ ఉంటుంది. దానికంటే తక్కువ చూపిస్తే వెయిట్ తగ్గించాలి, ఎక్కువ చూపిస్తే పెంచాలి. స్కీ-డూ ప్రైమరీలో ఉండే క్లిక్కర్లతో చిన్న సవరణ అక్కడికక్కడే చేసుకోవచ్చు.

టూ-స్ట్రోక్‌లో ఆర్‌పీఎం పైకి పోతే శక్తి పెరుగుతుందనుకోవద్దు. ఎగ్జాస్ట్ పైపు ఒక వేగానికి కుదిర్చి ఉంటుంది. అది దాటితే చప్పుడు పెరిగి లాగుడు తగ్గుతుంది.

ఎత్తు పెరిగితే వెయిట్లు తగ్గించాలి కదా?

టర్బో లేని బండికి అవును. ఆ అలవాటుతో టర్బో బండికీ తగ్గించడమే పొరపాటు. దాని హద్దు దాటేదాకా శక్తి తగ్గదు, కాబట్టి అవే వెయిట్లు ఉండాలి. తగ్గిస్తే ఇంజిన్ ఓవర్-రెవ్ అవుతుంది.

హెలిక్స్, సెకండరీ స్ప్రింగ్ మారిస్తే ఏమవుతుంది?

హెలిక్స్ (సెకండరీ క్లచ్‌లోని వాలు గాడి) కోణం పెరిగితే క్లచ్ త్వరగా పై గేరుకి పోతుంది, ఇంజిన్ మీద భారం పెరుగుతుంది. కోణం తగ్గితే ఆర్‌పీఎం నిలుస్తుంది, థ్రాటిల్ వదిలి మళ్లీ కొట్టినప్పుడు కింది గేరు వెంటనే అందుతుంది. గట్టి సెకండరీ స్ప్రింగ్ కూడా ఆ పనే చేస్తుంది కానీ బెల్ట్‌ని ఎక్కువ నొక్కి వేడి చేస్తుంది. చెట్ల మధ్య తిరిగేవాళ్లకు కింది గేరు వెంటనే అందడమే కావాలి. పెద్ద వాలు తిన్నగా ఎక్కేవాళ్లకు భారం కావాలి. ఒకే సెటప్‌తో రెండూ పూర్తిగా కుదరవు.

గేరింగ్ తగ్గిస్తే చురుకవుతుందా?

అవుతుంది. చైన్‌కేస్ (గేరింగ్ చైన్ ఉండే పెట్టె) ఉన్న బండ్లలో గేరింగ్ తగ్గిస్తే మెత్తటి మంచులో క్లచ్ హాయిగా పనిచేస్తుంది, బెల్ట్ చల్లగా ఉంటుంది. టాప్ స్పీడ్ తగ్గుతుంది, కొండలో అది ఎవరికీ అక్కర్లేదు.

## పెట్రోలు, బూస్ట్

బంకులో రెగ్యులర్ 85 అని ఉంది. అది కొట్టించొచ్చా?

వద్దు. కొలరాడో, యూటా, వయోమింగ్ లాంటి ఎత్తు రాష్ట్రాల్లో 85 ఆక్టేన్ అమ్ముతారు. పలచటి గాలిలో టర్బో లేని ఇంజిన్‌కి సిలిండర్ ఒత్తిడి తక్కువ కాబట్టి అది నడిచిపోతుందన్న పాత లెక్క. టర్బో ఆ ఒత్తిడిని తిరిగి పెంచుతుంది, కాబట్టి ఆ లెక్క వర్తించదు. ఫ్యాక్టరీ టర్బోలకు 91 కావాలి. తక్కువ ఆక్టేన్‌తో డెటనేషన్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడం) వస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) శక్తి తగ్గించి కాపాడటానికి చూస్తుంది. బండి మొద్దుబారింది, క్లచ్ పోయిందేమో అని అనుకునేది అందుకే.

ఇండియా అంకెలతో పోల్చుకోకండి. అక్కడ బంకు మీద చెప్పేది ఆర్‌ఓఎన్ అనే ఆక్టేన్ కొలత, ఇక్కడ రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు కొలతల సగటు. ఇక్కడి 91 అంటే అక్కడి లెక్కలో దాదాపు 95.

ఈసీయూ ట్యూన్ వేసి బూస్ట్ పెంచితే సమస్యలన్నీ తీరతాయంటున్నారు?

బరువుగా తిరిగే బండి, బూస్ట్ పెంచితే ఇంకా వేగంగా బరువుగా తిరుగుతుంది, అంతే. సస్పెన్షన్, క్లచ్, బెల్ట్, పెట్రోలు అన్నీ సర్దాక కూడా శక్తి చాలకపోతే అప్పుడు ఆలోచించండి. బూస్ట్ పెంచితే ఇంధనం, ఆక్టేన్, క్లచ్ వెయిట్లు అన్నీ మళ్లీ మార్చాలి. వారంటీ పోయే అవకాశం ఎక్కువ. ఉద్గారాల నియంత్రణను దెబ్బతీసే మార్పులు అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద చట్టవిరుద్ధం.

## కొండ మీద

స్టార్ట్ చేసి వెంటనే కొట్టేయొచ్చా?

వద్దు. చల్లటి సిలిండర్‌లో పిస్టన్ ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, సిలిండర్ ఇంకా బిగువుగానే ఉంటుంది. అక్కడే సీజ్ అవుతుంది. కూలెంట్ గేజ్ కదిలేదాకా ఆగండి, తర్వాత కొన్ని నిమిషాలు మెత్తగా నడపండి. పెద్ద వాలు ఎక్కి ఆగినప్పుడు కూడా వెంటనే ఆఫ్ చేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బోకి మంచిది.

పార్కింగ్ నుంచి ట్రైల్ మీద వెళ్తుంటేనే టెంపరేచర్ లైటు వెలుగుతోంది.

టన్నెల్ కింద ఉండే కూలర్లకు మంచు ఎగిరి తగలాలి. గట్టి ట్రైల్ మీద అది తగలదు. ఐస్ స్క్రాచర్లు (మంచును గీకి పైకి చిమ్మే కడ్డీలు) కిందికి దించండి. అప్పటికీ లైటు ఆరకపోతే పక్కనున్న మెత్తటి మంచులోకి దింపండి. పాత రకం స్క్రాచర్లు ఉంటే రివర్స్ వేసే ముందు పైకి తగిలించండి, లేకపోతే విరుగుతాయి.

టర్బోతో ఏ వాలైనా ఎక్కేస్తోంది. అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) గురించి అంత భయపడాలా?

అందుకే ఇంకా భయపడాలి. మామూలు బండి సగంలో ఆగిపోయే వాలు మీదికి ఇది పైదాకా పోతుంది. స్లాబ్ అవలాంచ్‌లు (పలకలా విరిగి జారేవి) ఎక్కువగా జరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో, అంటే సరిగ్గా ఎక్కబుద్ధి వేసే వాలులోనే. బయలుదేరే రోజు ఉదయం ఆ ప్రాంతపు బులెటిన్ చదవండి. వాషింగ్టన్‌లో నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్, కొలరాడోలో కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్, కెనడాలో అవలాంచ్ కెనడా ఇస్తాయి.

వాలు మీద ఒక్కసారికి ఒక్కరే. మిగతావాళ్లు దారిలో కాకుండా పక్కన, ఇంజిన్ వెంటనే స్టార్ట్ చేసి తప్పుకునేలా నిలబడాలి. పైన ఒకరు ఇరుక్కుంటే సాయం చేద్దామని రెండోవాళ్లు ఎక్కడం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు ఎన్నో. బీకన్ (మంచులో కూరుకుపోతే ఆచూకీ తెలిపే రేడియో పరికరం) ఒంటి మీద, పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ) వీపు మీది బ్యాగులో ఉండాలి, బండి మీద కాదు. వెతికేటప్పుడు ఇంజిన్లు ఆపి, బీకన్‌ను ఫోన్ నుంచి, హీటెడ్ గ్లవ్స్ నుంచి కనీసం అరమీటరు దూరంగా పట్టుకోండి.

## సీజన్ అయ్యాక

ఏప్రిల్‌లో గ్యారేజీలో పెట్టేముందు ఏం చేయాలి?

ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే పోసి స్టెబిలైజర్ కలపండి. మాన్యువల్ చెప్పినట్టు ఇంజిన్‌కు ఫాగింగ్ (లోపల తుప్పు పట్టకుండా నూనె పూత) చేయండి. బెల్ట్ తీసేయండి, లేకపోతే నెలల తరబడి ఒకే వంపులో ఉండి గుర్తు పడుతుంది. ట్రాక్ టెన్షన్ వదులు చేయండి. ఎయిర్ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలకు గుడ్డ కుక్కి, దాని గురించి హ్యాండిల్‌కు ఒక చీటీ కట్టండి. ఎలుకలకు ఎయిర్‌బాక్స్ అంటే మహా ఇష్టం, అవి కట్టిన గూడు నవంబరులో టర్బో నోట్లోకే పోతుంది. షాకుల క్లిక్కర్లు, స్ట్రాప్ రంధ్రం, క్లచ్ వెయిట్లు ఎక్కడున్నాయో అదే చీటీ వెనక రాసుకోండి.